వెనక వరుస ప్లగ్గులు

2, శనివారం

డ్యూటీలో కాటా మీద 43 లారీలు తూచాను. తేడాలు లేవు.

సాయంత్రం ముగ్గురం బండిలో వస్తుంటే సిగ్నల్ దగ్గర ఇంజన్ వణికింది. ఆగితే వణుకు, కదిలితే కుదుపు. వెనక సీట్లోంచి అమ్మాయి "నాన్నా, బండికి చలిజ్వరం వచ్చింది" అంది. పక్క సీట్లో మా ఆవిడ నవ్వలేదు.

ఆవిడ పనిచేసే కంటి క్లినిక్ వాళ్ళ ఉత్తరం ఆవిడ సంచిలో పది రోజులుగా ఉంది. కొండ మీది ఊళ్ళో కొత్త కంటి క్లినిక్. దానికి ఆవిడ ఇన్‌ఛార్జి. 18వ తేదీ సోమవారం ఉదయం చేరాలి. చుట్టుపక్కల క్యాంపులు పెట్టాలి కాబట్టి సొంత వాహనం ఉన్నవాళ్ళకే ఇస్తారట. ఏడాది పాటు. శుక్రవారం సాయంత్రం రావడం, ఆదివారం పోవడం. అమ్మాయి బడి ఇక్కడే గనక అమ్మాయి, నేను ఇక్కడ.

నాకేమీ అభ్యంతరం లేదు. ఆ మాట ఆవిడకు చెప్పాను కూడా.

ఇంటికి వచ్చి బండి లోపాల కోడ్ చదివే పరికరం తగిలించి చూశాను. ముందు వరుసలో ఒక సిలిండరు, వెనక వరుసలో ఒకటి మంట అందుకోవడం లేదు. స్పార్కు ప్లగ్గులు ఎప్పుడు మార్చానా అని నా పాత పద్దు పుస్తకాలు తిరగేస్తే అసలు మార్చినట్టే లేదు. లక్షా నలభై వేల కిలోమీటర్లు అవే ప్లగ్గులు. ఆరూ మార్చాలి.

"మెరుపుకు ఇద్దామా?" అంది ఆవిడ. మెరుపు అంటే వీధి చివరి మెకానిక్. పని అంత నిదానం కాబట్టి ఆ పేరు.

"నేను చేస్తాను."

"పదిహేడో తారీకు లోపల?"

"ఎంత పని. బుధవారం సెలవేగా."


3, ఆదివారం

29. ప్లగ్గులు ఆరూ తెచ్చాను.

మధ్యాహ్నం లారీలు లేనప్పుడు బండి మరమ్మతు పుస్తకం చదివాను. పదో తరగతి తరువాత నేను నేర్చుకున్నదంతా పుస్తకాల్లోంచే. అందుకని ఏదైనా రెండు సార్లు చదువుతాను. ముందు మూడు ప్లగ్గులు చేతికి అందుతాయి. వెనక మూడు మాత్రం ఇంజన్‌కు గాలి పంచే అల్యూమినియం పెట్టె కింద ఉంటాయి. దాన్ని మానిఫోల్డు అంటారు. అది మొత్తం ఎత్తితే గాని కనపడవు.


4, సోమవారం

51. ఆవిడ అటక మీది పెద్ద పెట్టె తనే దింపుకుంది. అడిగితే నేను దింపేవాణ్ణి.


6, బుధవారం

సెలవు. ఆరున్నరకే బానెట్ ఎత్తాను. రాత్రంతా నిలిచిన ఇంజన్ చల్లగా ఉంది. వేడి మీద విప్పితే మరలు పాడవుతాయి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీశాను. ముందు వరుసలో ప్లగ్గుల నెత్తిన కరెంటు అందించే మూడు కాయిళ్ళు, ఒక్కోదానికి ఒక్క బోల్టు, పది నంబరు పానా. ప్లగ్గు విప్పే ముందు గుంటల్లో దుమ్ము ఊదేశాను. లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. పాత ప్లగ్గుల మొనలు అరిగి గుండ్రమయ్యాయి. మధ్య సందులో గోరు దూరుతోంది. అంత సందు దాటి నిప్పురవ్వ ఎలా దూకుతుంది?

కొత్తవాటిని రబ్బరు గొట్టం ముక్కకు గుచ్చి వేళ్ళతోనే తిప్పాను. మర అడ్డం పడితే వేళ్ళకు తెలుస్తుంది, పానాకు తెలియదు. తొమ్మిదిన్నరకల్లా ముందు మూడూ అయిపోయాయి.

తరువాత మానిఫోల్డు. ఏ గొట్టం ఎక్కడిదో, ఏ వైరు ఎక్కడిదో కాగితం ముక్కల మీద రాసి అంటించాను. ఎత్తగానే ఆరు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని కనపడ్డాయి. నేరుగా ఇంజన్ కడుపులోకే దారి. ఒక్క నట్టు జారినా అంతే సంగతులు. కుక్కడానికి పాత బనియను చించుతుంటే ఆవిడ వచ్చి లాక్కుంది.

"అలా చించితే పోగులు లోపల పడవూ?"

పది నిమిషాల్లో అంచులు కుట్టిన ఆరు ముక్కలు తెచ్చింది. ఒక్కోదానికి జానెడు ఎర్ర దారం తోక.

"తోకలెందుకు?"

"మా దగ్గర దూదికి కూడా దారం కడతామండీ, లోపల మరిచిపోకుండా. అసలే మీరు లోపల పెట్టుకున్నది ఏదీ బయటికి రాదు."

అమ్మాయి వాకిట్లోంచి "అమ్మా, నాన్నకూ ఓ తోక కుట్టెయ్" అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే ఉన్నాను.

మానిఫోల్డు కింద సందు మూసే పట్టీ, గాస్కెట్, ఎండి గట్టిపడిపోయింది. తీస్తుంటే రెండు ముక్కలైంది. కొత్తది వేయకపోతే సందుల్లోంచి గాలి పీలుస్తుంది. ఇక్కడి రెండు దుకాణాల్లోనూ లేదు. పార్శిల్‌కు చెప్పాను. మూడు రోజులన్నారు.

వెనక ప్లగ్గులు మూడూ ఇప్పుడు ఎదురుగానే ఉన్నాయి. ఈ రోజే మార్చేయవచ్చు. కానీ గాస్కెట్ వచ్చాక అన్నీ ఒకేసారి చేస్తే మంచిదని ఆపాను. పని విడతలు విడతలుగా చేయకూడదు.


7, గురువారం

47. నాకేమీ అభ్యంతరం లేదని పైన రాసే ఉంది.


8, శుక్రవారం

40. సాయంత్రం మెరుపు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి బానెట్‌లోకి తొంగి చూశాడు.

"ఏం కాటా గారూ, పోస్ట్‌మార్టమా?"

లారీల వాళ్ళు పెట్టిన పేరు వీధిలోకి కూడా వచ్చేసింది.

"గాస్కెట్ రావాలి."

"దానికేముంది, నా దగ్గర పేస్టుంది. పూసి బిగించేద్దాం. బండి పోయేది పోతుంది, గాస్కెట్ వచ్చేది వస్తుంది."

"గాలి పీలుస్తుంది."

"పీల్చనీండి. గాలేగా, మన సొమ్మేం పోయింది?"

వద్దన్నాను. అతను ముందు వరుస ప్లగ్గుల దగ్గర టార్చి వేసి చూసి, బాగా కూర్చోబెట్టారని మెచ్చుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"మేడమ్ గారు పదిహేడో తారీకున బయలుదేరాలట కదా. ఈ వీధిలో మెరుపు అన్న పేరు నాకొక్కడికే ఉంది సార్. అది కూడా మీరు లాక్కునేలా ఉన్నారు."


9, శనివారం

36. గాస్కెట్ రాలేదు.


10, ఆదివారం

22. గాస్కెట్ రాలేదు. వస్తే ఎంతసేపు, రెండు మూడు గంటల పని.

ఆవిడ బట్టలు మడత పెడుతోంది. కొండదారి మంచిది కాదన్నాను.

"ఎవరు చెప్పారు?"

"పటంలో చూశాను. అరవై రెండు మలుపులు."

"లెక్కపెట్టారా?"

"రెండు సార్లు."

"వచ్చేటప్పుడూ అవే అరవై రెండు కదండీ" అంది. చేతిలో చీర పక్కన పెట్టి "పార్శిల్ సంగతేమైంది?" అని అడిగింది.

"రాలేదు."

మళ్ళీ మడతల్లో పడింది. నేను షెడ్డులోకి వెళ్ళి బోల్టులు పొడవు వారీగా వరుసలో పెట్టాను. నిన్నా అలాగే పెట్టాను.


11, సోమవారం

55. గాస్కెట్ రాలేదు.

ఈ రోజు కాటా దగ్గర తప్పు జరిగింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం వేస్తాం, సరుకు దింపి పోయేటప్పుడు రెండోది. రెండూ పడితేనే చీటీ ముగిసినట్టు. రెండో తూకం పడని చీటీని మేకుకు గుచ్చి ఉంచాలి, డ్యూటీ దిగేటప్పుడు తరువాతి మనిషికి చూపించి వెళ్ళాలి. నేను ఖాళీ లారీకి వేయాల్సిన అంకెను పక్క లారీ చీటీ మీద వేసి చేతికిచ్చేశాను. డ్రైవరు దాన్ని చదువుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"కాటా గారూ, నేను తెచ్చింది సిమెంటా, దూదా? ఇంత తేలిగ్గా తూగితే మా ఓనరు నన్ను బతకనిస్తాడా?"

వెనకున్న క్లీనర్లు నవ్వారు. మేనేజరు వచ్చి చీటీ చూశాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు, అంతే. పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు. తప్పు పద్దును అలాగే ఉంచి, కింద కొత్త వరుసలో 'పై పద్దు తప్పు' అని రాసి, సరైన అంకె వేసి, సంతకం పెట్టాలి. పెట్టాను.

ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. మెరుపు కొట్టు ముందు నిలబడి ఉన్నాడని ఇటు నుంచే తిరిగాను.


12, మంగళవారం

44. క్లినిక్ వాళ్ళు ఫోన్ చేశారట. వాహనం సిద్ధంగా ఉందో లేదో శుక్రవారం సాయంత్రం లోపల ఖాయంగా చెప్పాలట. లేకపోతే వరుసలో తరువాతి పేరును పిలుస్తారు. ఆ రెండో ఆవిడ రోజూ ఫోన్ చేసి కనుక్కుంటోందట.

"పార్శిల్ వాళ్ళను అడిగారా?" అంది ఆవిడ.

"అడిగాను. రాలేదు."

నా ముఖంలోకి చూసింది. కంటిచూపు పరీక్షించేటప్పుడు చూస్తారు చూడు, అట్లా. నేను కుళాయి కారుతోందని లేచాను. నిజంగానే కారుతోంది.


13, బుధవారం

సెలవు. పొద్దున్నుంచి షెడ్డులోనే. గాలి గొట్టం లోపల మసి తుడిచాను. రంధ్రాల అంచులు తుడిచాను. గుడ్డలు ఒక్కోటి కొంచెం జరిపి, చుట్టూ తుడిచి మళ్ళీ నొక్కాను. పనిముట్ల పెట్టెకు రంగు వేశాను. ఆ పెట్టెకు రంగు వేయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

అమ్మాయి బడి నుంచి వచ్చి సంచీ కూడా దించకుండా నిలబడింది. పదిహేనేళ్ళు. నిలబడడం అచ్చం వాళ్ళమ్మే.

"నాన్నా, అమ్మ వెళ్ళడం నీకిష్టమేనా?"

"నాకేం అభ్యంతరం?"

"అభ్యంతరం అడగలేదు. ఇష్టమా అని అడిగాను."

"రంగు తడిగా ఉంది. ఆనుకోకు."

"పెట్టెకు రంగేసే టైముంది గానీ..." అని లోపలికి పోయింది. కాసేపటికి తల్లీకూతుళ్ళ మాటలు వినపడ్డాయి. ఆవిడ గొంతు: "నువ్వు మధ్యలో రాకు. అది మీ నాన్న చెప్పాల్సిన మాట."

ఏ మాటో నాకు తెలియదు.


14, గురువారం

49.

9వ తేదీ పద్దు తప్పు. గాస్కెట్ వచ్చింది. 10, 11, 12 తేదీల పద్దులూ తప్పే. 12న పార్శిల్ వాళ్ళను అడిగానని ఆవిడకు చెప్పింది కూడా అబద్ధం.

9న డ్యూటీ నుంచి వచ్చేసరికి షెడ్డులో బల్ల మీద ఉంది, పార్శిల్ కాగితంతో సహా. అమ్మాయి తీసుకుని పడేసి ఉంటుంది, దానికి ఏదీ గుర్తుండదు అనుకున్నాను. విప్పి చూశాను. సరైన నంబరే. మళ్ళీ చుట్టి బల్ల కింద రంగు డబ్బా వెనక పెట్టాను. రేపు వేద్దామనే పెట్టాను. ఆ రోజు నడుము నొప్పిగా ఉంది. నడుము నొప్పి లేదు.

ఈ పుస్తకం ఎవరూ చదవరు. ఎవరూ చదవని దాంట్లో నాలుగు రోజులు అబద్ధం ఎవరి కోసం రాశానో ఎంత ఆలోచించినా తేలలేదు.

సంతకం పెట్టాను.


15, శుక్రవారం

ఎన్ని లారీలో రాయలేదు. మేనేజరుకు చెప్పి రెండు గంటలు ముందే వచ్చేశాను. మనసు నిలవలేదు. దారిలో చెప్పులో రాయి పడితే ఆగి తీసుకునే ఓపిక కూడా లేకపోయింది.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ముందు గదిలో ఫోన్‌లో ఉంది.

"అవునండీ... లేదు, వాహనం విషయంలోనే... ఏం చెప్పమంటారు..."

"బండి రేపటికి సిద్ధమవుతుంది" అన్నాను.

గట్టిగానే వచ్చింది. అవతలి వాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. ఆవిడ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"గాస్కెట్?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"శనివారం."

"రేపు కదా శనివారం."

"పోయిన శనివారం."

ఆవిడ చెయ్యి తీసి, "సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఉంటానండీ. వాహనంతోనే" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. అప్పుడు కూర్చుంది.

"తెలుసు. ఆ పార్శిల్‌కు సంతకం పెట్టింది నేనే. మీ బల్ల మీద పెట్టిందీ నేనే. ఇప్పుడది రంగు డబ్బా వెనకుందనీ తెలుసు."

నాకు నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు.

"మరి అనలేదే?"

"ఆదివారం అడిగాను. మంగళవారం అడిగాను. రాలేదన్నారు. మెరుపును పిలిస్తే, ఎంత మెరుపైనా, ఒక్క రోజులో అయ్యేది. పిలవలేదు. ఎందుకో తెలుసా? మీరు నోరు తెరిచి వెళ్ళొద్దంటే ఉండాలో వెళ్ళాలో నేను ఆలోచించుకునేదాన్ని. మీతో పోట్లాడేదాన్ని. మధ్యలో బండిని నిలబెడితే నేనేం చేయను? బండితో పోట్లాడనా?"

"వెళ్ళొద్దని కాదు."

"మరి?"

కుళాయి కారుతున్న చప్పుడు. కదిలాను.

"ఆ కుళాయి ఎక్కడికీ పోదు. కూర్చోండి."

కూర్చున్నాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాను. గోళ్ళలో రంగు ఉంది.

"నువ్వక్కడ బాగా చేస్తావు. అందరూ మేడమ్ అంటారు. చదువుకున్న వాళ్ళు, డాక్టర్లు, నీతో మాట్లాడతారు. ఏడాది తిరిగేసరికి ఈ ఇల్లు నీకు చిన్నదైపోతుంది. నేను కూడా."

ఇంత పొడుగు మాట నేను ఎప్పుడైనా మాట్లాడానో లేదో గుర్తు లేదు. ఆవిడ నా గోళ్ళలో రంగు వంక చూసింది.

"ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఇంజన్ విప్పాలా?" అంది.

అది నవ్వో కాదో తేల్చుకోలేకపోయాను. వెంటనే తనే తేల్చింది. "నాకు కోపం పోలేదు. ఆ ఉద్యోగం పోయి ఉంటే జన్మలో పోయేది కాదు. రేపు టార్చి నేను పట్టుకుంటాను. కానీ మాట్లాడను."


16, శనివారం

సెలవు పెట్టాను. కారణం అడగకుండానే మేనేజరు, "ఒళ్ళు చూసుకో" అన్నాడు.

ఏడింటికి మొదలు. ఆవిడ టార్చి పట్టుకుంది. మాట్లాడలేదు. వెలుగు ఎక్కడ కావాలో అక్కడే పడుతోంది, నేను చెప్పక్కర్లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే అమ్మాయితో చెప్పిస్తోంది.

"మీ నాన్నను చొక్కా చెయ్యి మడుచుకోమను, బోల్టుకు తగులుతోంది."

"నాన్నా, చొక్కా."

"మీ అమ్మను టార్చి కొంచెం ఎడమకు జరపమను."

"అమ్మా, ఎడమ. మీ ఇద్దరి మధ్య నాకు గొంతు ఎండిపోతోంది, ఎవరైనా మంచినీళ్ళివ్వండి."

వెనక వరుసలో మొదటిది మామూలుగానే అరిగింది. మధ్యది తీసి వెలుగులో పెడితే, తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత నల్ల గీత. పగులు. నిప్పురవ్వ మొనకు రాకుండా ఆ పగుల్లోంచి పక్కదారి పట్టేది. వెనక వరుసలో వణికించింది ఇదే. మూడోది కూడా తీశాను. కొత్తవి మూడూ వేళ్ళతో తిప్పి, పుస్తకంలో చెప్పిన బిగువు కొలిచి బిగించాను. కాయిళ్ళు పెట్టాను. పదిన్నర.

ఇక గుడ్డలు తీసి గాస్కెట్ వేయాలి. ఎర్ర దారాలు ఒక్కోటి పట్టుకుని లాగాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఐదు. కింద వెతికాను. అమ్మాయి బండి కిందకు దూరి వెతికింది. లేదు. 6వ తేదీన లోపలికి ఆరు. బయటికి ఐదు. నా పనే లోపలికి ఎంత, బయటికి ఎంత. గుడ్డ లోపలే ఉండగా ఇంజన్ తిప్పి ఉంటే, కొండ మీద ఏ ముప్పయ్యో మలుపు దగ్గరో అది నలిగి ఇరుక్కుంటే. ఇక ఆలోచించలేకపోయాను.

13న తుడిచినప్పుడు నేనే కుక్కాను. దారం అప్పుడే తెగి ఉంటుంది. పని లేని చేతులతో చేసిన పని. చివరి రంధ్రంలో వేలు పెట్టాను. మెత్తగా తగిలింది, తగలగానే ఇంకాస్త లోపలికి జారింది.

"కదలకండి" అంది ఆవిడ.

నిన్నటి తరువాత నాతో అన్న మొదటి మాట. టార్చి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. చేతులు కడుక్కుని వచ్చింది. ఇంజన్ ముందు నిలబడడానికి చేతులు కడుక్కున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. చేతిలో సన్నటి పొడవాటి పట్టకారు, క్లినిక్‌ది.

"వెలుగు పైనుంచి కాదు, పక్క నుంచి. ఇంకా కింద. ఆపండి. ఊపిరి తీసుకోవచ్చు, టార్చి మాత్రం కదలకూడదు."

బానెట్ మీదకు వంగి, ఒక కన్ను మూసి, పట్టకారు దింపింది. ఆవిడ పని చేస్తుంటే ఇంత దగ్గరగా నేను చూడటం ఇదే. పదిహేడేళ్ళుగా రోజూ క్లినిక్ గేటు దగ్గర దింపాను, గేటు దగ్గరే ఎక్కించుకున్నాను. చేతికి ఒక్క వణుకు లేదు. ఒకసారి పట్టు జారింది. "ఊఁ" అంది, మళ్ళీ దింపింది. గుడ్డ మెల్లగా పైకి వచ్చింది, తోక తెగిన ఎలుకలా.

"ఆరు" అన్నాను.

"ఆరు" అంది.

అమ్మాయి బండి కింద నుంచే "హమ్మయ్య, ఇక నాకు సెలవు. మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోండి" అంది.

గాస్కెట్ వేశాం. మానిఫోల్డు కూర్చోబెట్టాం. కాగితం ముక్కలు చూసుకుంటూ ఆవిడ చదివింది, నేను తగిలించాను. బ్యాటరీ వైరు ఆఖరున. తాళం చెవి ఆవిడకే ఇచ్చాను. మొదట ఒక్క కుదుపు. తరువాత చప్పుడు నున్నగా మారింది. అమ్మాయి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇంజన్ పక్కన పెట్టింది. నీళ్ళు కదల్లేదు.

"చలిజ్వరం పోయింది" అంది.

సాయంత్రం కుళాయి బాగుచేశాను. వాషరు అరిగింది, అంతే.


17, ఆదివారం

ఆరింటికే డ్యూటీ. పెట్టెలు నిన్ననే నేను సర్ది పెట్టాను. ఎనిమిదింటికి బయలుదేరతానంది. ఇంటి దగ్గర ఉంటే బాగుండునని అనిపించింది. ఆ మాట చెప్పాను కూడా, పొద్దున వెళ్ళేటప్పుడు.

ఎనిమిదీ పదికి కిటికీ బయట హారన్. మామూలు లారీ హారన్ కాదు. చూస్తే మా బండి కాటా మీద నిలబడి ఉంది. వెనక రెండు లారీలు ఆగి ఉన్నాయి.

ఆవిడ అద్దం దించి, "తూచండి" అంది.

"ఇదేమన్నా లారీనా?"

"తూకానికి వచ్చిన బండిని వెనక్కి పంపుతారా?"

వెనక లారీ డ్రైవరు దిగి వచ్చాడు. మొన్న సిమెంటు తెచ్చినతనే. "కానీండి కాటా గారూ. మేడమ్ గారికి మాత్రం దూది తూకం వేయకండి" అన్నాడు.

తూచాను. 2,230 కిలోలు. ముందు సీట్లోంచి అమ్మాయి దిగింది. 2,180.

"నాన్నా, నేను యాభై కాదు. నలభై ఆరు."

"కాటా పదుల్లోనే చూపిస్తుంది."

"అయితే నలభై చూపించొచ్చుగా!"

చీటీ మీద సరుకు గడి ఖాళీగా ఉంది. ఏం రాయాలో తోచలేదు. ఆవిడ వెనక సీటు మీది రెండు పెట్టెల వైపు చూపించి, "క్యాంపుకు కళ్ళజోళ్ళు. రాయండి" అంది. రాశాను. మొదటి తూకం వేశాను, టైము వేశాను.

అమ్మాయి "చీటీ అమ్మకివ్వవా?" అంది.

"రెండో తూకం పడకుండా ఇవ్వకూడదు."

ఆవిడ అద్దంలోంచి నన్నే చూస్తోంది. "అది నాకు తెలుసు" అంది. గేరు వేసింది. ఇంజన్ చప్పుడు గేటు దాటేదాకా విన్నాను. ఎక్కడా మిస్ కాలేదు. బోర్డు మీద సున్నా పడింది. తరువాత లారీ ఎక్కింది.

పన్నెండూ పదికి ఫోన్. చేరాను అంది. మలుపులు అరవై రెండు కాదట, అరవై నాలుగట. పటం తప్పు. తనే లెక్కపెట్టుకుంటూ వెళ్ళిందట.

కాటా మీద 31, మా బండితో కలిపి.

రెండింటికి డ్యూటీ మారేటప్పుడు మేకుకు ఒక్క చీటీయే మిగిలింది. తరువాతి షిఫ్టతను తీసి చదివాడు.

"కళ్ళజోళ్ళా? ఇదెప్పుడొస్తుంది?"

"శుక్రవారం సాయంత్రం."

"అప్పుడు నేనుంటాను. రెండో తూకం వేసి ముగించేయనా?"

"వద్దు. అలాగే ఉంచు. నేను వస్తాను" అన్నాను.

శుక్రవారం సాయంత్రం నాకు డ్యూటీ లేదు.